మా బావ చూపిన ఓరుగల్లు

మొన్న జనగామ బస్టాండుల ఒక బస్సు నిలబడి ఉన్నది. అద్దానికి కాగితం అంటించి ఉన్నది: ఖిల్లా, వేయిస్తంభాల గుడి, భద్రకాళి, రామప్ప. పొద్దున పోతే మాపటికల్ల తిరిగొస్తరట. కండక్టరు పిలగాడు నన్ను చూసి "ఎక్కు అవ్వా, ఒక్క దినంల అన్నీ చూపిస్తం" అన్నడు. నాకు నవ్వాగలే. "బిడ్డా, మా బావయితే ఒక్క తోరణం కాడనే పొద్దు గూకిచ్చేటోడు" అన్న. ఆ పిలగానికి ఏం సమజయిందో, ముసలమ్మకు ఎండ దెబ్బ తాకిందనుకున్నడో, ఇంకోన్ని పిలవబట్టిండు.

బస్సు పోయింది. నేను మాత్రం ఆడనే బల్ల మీద కూసోని మా బావను ముంగటేసుకున్న. ఆయన పోయి శాన కాలమయింది. పోయినప్పుడు సుత ఇంతగనం యాదికి రాలే.

బావ అంటే మా అక్క మొగడు. వరసకే బావ కాదు, నోటికి సుత బావనే. నేను ఒకటంటే ఆయన రెండనాలె, ఆయన రెండంటే నేను ఊకోవద్దు. మా ఇద్దరి మాటలు వినలేక అక్క చాట పట్టుకుని అవతలికి పోయేది.

ఆయన పని ఓరుగల్లు చూపిచ్చుడు. గూడు బండి ఒకటుండేది. జనగామ చుట్టుపక్కల ఊర్ల కొత్త పెండ్లోళ్ళు, మొక్కులున్నోళ్ళు, చుట్టాలొస్తే ఏం చెయ్యాల్నో తోచనోళ్ళు బండి మాట్లాడుకునేటోళ్ళు. డోర్నకల్ నుంచి, గార్ల నుంచి రైలుకు వచ్చేటోళ్ళ కోసం ఓరుగల్లు టేషను బయట చెట్టు కింద కాచుకునేటోడు. పొడుగు మనిషి. నెత్తికి ఎర్ర రుమాలు, చెవు సందుల చుట్ట ముక్క, చేతిల చర్నకోల. ఆ చర్నకోలతోని ఎద్దును కొట్టంగ నేనెన్నడు చూడలే. అది గుడి గోపురం దిక్కు చూపియ్యనీకే.

ఇగ ఆయన చెప్పే కతలు. డోర్నకల్ కిరస్తానపోళ్ళు వచ్చిండ్రనుకో, కోటల నాలుగు తోరణాల నడుమ నిలబెట్టి, "చూడండ్రి, మత్తయి, మార్కు, లూకా, యోహాను. మీ నాలుగు సువార్తలు. రాజుకు ముందుగాలనే ఎరికయి కట్టిపెట్టిండు" అనేటోడు. ఒక ముసలవ్వ నాలుగో తోరణాన్ని పట్టుకుని "యోహానూ, యోహానూ" అని ఏడ్చింది. జనగామ సాలోళ్ళు వస్తే వేయిస్తంభాల గుడి కప్పు కింద నిలబెట్టి, "గీ నగిషీ మీ మగ్గం చూసి చెక్కిందే, కావాల్నంటే పోగులు లెక్కబెట్టుకోండ్రి" అనేటోడు. గార్ల నుంచి ఒక బెల్లం వ్యాపారి వచ్చిండు. "కోట గోడ సున్నంల కలిపింది గార్ల బెల్లమే సేటూ" అన్నడు మా బావ. ఆ వ్యాపారి ఎవరు చూస్తలేరని రూఢి చేసుకుని గోడను ఒక్కసారి నాకిండు. మా బావ చూసిండు. చూసి, "తియ్యగనే ఉన్నదా?" అని అడిగిండు. ఆయన సిగ్గుపడకుంట "కొద్దిగ పులిసింది" అన్నడట.

వేయిస్తంభాల గుడి కాడ మా బావకు నిద్రపోయే వేళ. వచ్చినోళ్ళను స్తంభాలు లెక్కబెట్టమని చెప్పి, "మధ్యల మాట్లాడితే మళ్ళ మొదటి నుంచి" అని కట్టు పెట్టి, నంది నీడకు పోయి పడుకునేటోడు. ఒకరి లెక్క ఒకరికి కుదరక వాళ్ళు కొట్లాటకు దిగినంక లేచి, మొఖం కడుక్కుని, పంచాయితి తెంపేటోడు.

"ఇన్ని అబద్ధాలు ఎట్ల చెప్తవ్ బావా? కండ్లు పోతయ్" అని ఒకసారి అన్న.

"రాయి రాయి లెక్కనే ఉంటది పిల్లా. చూసెటోనికి అందుల తనది ఒకటి కనబడాలె. కనబడకపోతే ఇంటికి పోయి ఏం చెప్పుకుంటడు?"

"మరి నాదేం కనబడ్తది?"

"నీదా? గుడి ముంగట ఏనుగులున్నయ్ గద."

మా ఇంటాయనకు, ఆయనకు పడకపోయేది. మా ఇంటాయన సంఘంల మనిషి. మా ఊరి దొర పట్నం పారిపోతే ఆయన భూమికి తాడు వేసి పంచిన వాళ్ళల్ల ముందున్నోడు. ఆయన మా బావను చూస్తే చాలు, "అన్నా, ఆ గుళ్ళు కట్టినోళ్ళు వెట్టి చేసిండ్రు, రాళ్ళు మోసి నడుములు ఇరగ్గొట్టుకున్నరు. గది చెప్పు జనానికి" అనేటోడు. మా బావ చుట్ట ముట్టించుకుని, "గది వాళ్ళ ఇండ్లల్ల రోజూ చూస్తనే ఉన్నరు తమ్మీ. మళ్ళ నా బండెక్కి వచ్చి చూడాల్నా?" అనేటోడు. సంఘానికి చందా ఇయ్యడు, జెండా పట్టడు. "నాకు ఎద్దుల జోలి చాలు" అనేటోడు.

యూనియన్ మిలిటరీ వచ్చింది. రజాకార్ల పీడ పోయిందని ఊరు ఊపిరి తీసుకున్నదో లేదో, పారిపోయిన దొరలు జీపుల వెంటనే దిగబడ్డరు. భూములు మళ్ళ గుంజుకునుడు షురూ అయింది. మా ఇంటాయన అడవి పట్టిండు. ఒకనాడు పిక్కల తుపాకి గుండుతోని మా గడ్డివాము కిందికి వచ్చి పడ్డడు. మా ఊరి మంత్రసాని గుండు తీసింది, పసుపు పెట్టింది. అయినా కాలు గుమ్మడికాయంత ఉబ్బింది. ఒళ్ళు పెనం లెక్క కాలుతున్నది. రామప్ప అవతల, భూపాలపల్లి అడవిల సంఘం డాక్టరు ఉన్నడని కబురొచ్చింది. అక్కడిదాక చేరితే కాలు దక్కుతది. లేకుంటే కాలు కాదు, మనిషే పోతడు. నడుమ దారంత బండ్లు ఆపి చూసే మిలిటరీ నాకాలు, జీపులు. కాలుకు గుండు తాకినోని కోసం ఇంటింటికి సోదాలు.

నేను ఏడ్చుకుంట మా బావ కాడికి పోయిన. ఆయనతోని ఏడుపు మొఖంతోని మాట్లాడింది గదే మొదలు.

"అడ్డదారిల పోతే దొంగలంటరు" అన్నడాయన. "సడక్ నడిమిట్ల పోదాం. ఓరుగల్లు చూసుకుంట పోదాం."

"మనిషి సచ్చేటట్లున్నడు బావా, నీకు గుళ్ళు యాదికొస్తున్నయా?"

"నా బండిని నాకాల మీద అందరు ఎరుగుదురు. గుళ్ళు చూపియ్యకుంట పోతేనే అనుమానపడ్తరు. ఇగ నీ మొగన్ని దొరసానిని చేస్త."

గడీల ఆడోళ్ళ సంగతి తెల్వనోళ్ళకు చెప్పాలె. వాళ్ళకు ఘోషా. బండెక్కితే చుట్టూ తెరలు కడ్తరు. దిగితే ఇద్దరు దాసీలు దుప్పటి చెరో కొస పట్టి చుట్టూ అడ్డం పెడ్తరు. గుడికి పోతే లోపటున్న మొగోళ్ళందరు బయటికి నడవాలె. ఆ తెర ఎత్తి చూసే మొగోడు మా దిక్కు పుట్టలే. పోలీసు సుత ఎత్తడు. దొర భూమి పంచినోన్ని దొరసాని తెర వెనక దాచిపెట్టాల్నన్న ఉపాయం మా బావకు తప్ప ఇంకెవరికి తడ్తది?

చీరె చాకలి వదిన ఇచ్చింది. దొర ఇంటి నుంచి ఉతుకుకు వచ్చిన పట్టుచీరె. "మరక పడితే నా చర్మం వలుస్తరు" అని నా చేతుల పెట్టి మళ్ళ గుంజుకుని, మళ్ళ పెట్టింది. అందుకని మా ఇంటాయన కాలుకు చీరె కింద గోనె సంచి చుట్టినం.

మీసం కాడ లొల్లయింది. మంగలిని పిలిస్తే సంగతి బయట పడ్తదని కత్తి మా బావే పట్టిండు. మా ఇంటాయన గుండు తీసిననాడు పంటి కింద బట్ట పెట్టుకుని ఒక్క మాట అనలే. గిప్పుడు "మీసం వద్దన్నా, ముసుగుంటది గద" అని బతిమాలిండు.

"గాలికి ముసుగు లేస్తే? దొరసానికి మీసముందని నేనేం కత చెప్పాలె?"

"సంఘపోళ్ళకు ఏం మొఖం చూపియ్యాలె?"

"మొఖం మిగిలితే చాలు తమ్మీ. దాని మీద తర్వాత ఏమన్న మొలిపిచ్చుకో."

నేను నవ్వితే మా ఇంటాయన నా దిక్కు చూసిన చూపు ఇప్పటికి మర్వలేదు. దొరసాని చూపంటే గదే.

ఎల్లినం. బండి తోలేది బావ, దాసీలం అక్క, నేను. మొదటి నాకా కాడ మా బావ బండి ఆపి, అడగకముందే మొదలుపెట్టిండు: "మానుకోట అవతలి దొరసాని. దొర పట్నంల ఉన్నడు. కడుపు పండలే, రామప్పకు మొక్కున్నది." జవాన్లు తెర దిక్కు వీపు తిప్పి నిలబడ్డరు. లోపట మూలుగు వినబడకుంట నేను దగ్గిన. అక్క దగ్గింది. దాసీలకు క్షయ ఉన్నదేమోనని ఒక జవాను ఇంకింత దూరం జరిగిండు.

ఇగ దారి పొడుగూత మా బావ ఎక్కడ బండి ఆపకుంట పోవాలెనని నేను మొక్కుడు, ఆయన ఆపుడు. కోట కాడ ఆపిండు. "చూడకుంట పోతే చూడనీకి పోతున్నమంటే ఎవరు నమ్ముతరు?" అని నా మీదనే ఎగిరిండు. తోరణం కింద ఎవ్వలు లేకున్నా తెర దిక్కు తిరిగి కత మొత్తం చెప్పిండు. లోపటి నుంచి దొరసాని పండ్లు కొరుకుతున్న సప్పుడు నాకు వినబడ్డది.

వేయిస్తంభాల గుడి కాడ పానం పోయినంత పనయింది. దొరసానిని దింపి, దుప్పటి అడ్డం పట్టి, మొగోళ్ళను బయటికి పంపి, లోపట కాలు కట్టు మారుస్తున్నం. బయట జీపు ఆగింది. మీసాల ఆఫీసరు దిగిండు. ఉత్తరాది మనిషి. అక్క చేతిల నుంచి దుప్పటి కొస జారింది. నేను పట్టుకున్న.

బయట మా బావ గొంతు వినబడ్డది. ఉర్దూల అందుకున్నడు. "సాబ్, జర ఆగుండ్రి, లోపట పర్దా ఉన్నది. ఈలోపు మీ జవాన్లతోని స్తంభాలు లెక్కబెట్టిస్త. ఇప్పటిదాక ఒక్కడు సుత సరిగ్గ లెక్కబెట్టలే." జవాన్లు తుపాకులు భుజాన పెట్టుకుని లెక్కకు దిగిండ్రు. ఒకడు దాటేసిండని ఇంకొకడు మొదటికి వచ్చిండు. ఆఫీసరు సుత అందుల చేరిండు. మేము కట్టు కట్టి, చీరె సర్ది, దొరసానిని నిలబెట్టేదాక వాళ్ళ లెక్క తెగలే.

ఆఫీసరు మా బావ కతలకు పడిపోయిండు. రామప్పల నీళ్ళ మీద తేలే ఇటుకలున్నయంటే, "ఝూట్" అన్నడు. "చూపిస్త సాబ్" అన్నడు మా బావ. ఆఫీసరుకు ఇంకో దిక్కు పనుండెనట. అయినా దొరసాని మీద దయ పుట్టి, అడవి దారిల సంఘం డాకులుంటరు, ఆడోళ్ళు ఒంటరిగ పోవద్దని, ఇద్దరు తుపాకి జవాన్లను మా వెంట పంపిండు. తేలేది నిజమో కాదో వాళ్ళు చూసి వచ్చి చెప్పాల్నట.

అట్ల సంఘం మనిషిని సంఘమోళ్ళు ఎత్తుకపోకుంట మిలిటరీ కావలి కాసింది. తొవ్వల ఎన్ని నాకాలున్నయో అన్నిట్ల అడ్డకట్టె పైకి లేచింది. ఒక కాడనయితే సెల్యూటు కొట్టిండ్రు. తెర లోపట ఇగ మూలుగు కాదు, నవ్వు ఆపుకునే సప్పుడు. "నవ్వకు, కట్టు ఊడ్తది" అని నేను. "నన్ను చంపేటట్లున్నడు మీ బావ" అని దొరసాని.

ఆ నవ్వు ములుగు దాటిందాకనే. జ్వరం మళ్ళ ఎక్కింది. అడవి మొదట్ల ఒక ఊర్ల జవాన్లు ఆగుదామన్నరు. ఆ ఊరి పోలీసు పటేలు పరుగున వచ్చిండు. కోర రుమాలు, చేతి కర్ర, జవాన్లతోని ఉర్దూ. ఊరి పేరు వినంగనే తెర లోపట మా ఇంటాయన ఊపిరి బిగబట్టిండు. సంఘమోళ్ళను పట్టిస్తడని అడవి దిక్కంత పేరు మోసిన పటేలు గీయనే.

దొరసాని వచ్చిందని ఎద్దులకు గడ్డి, జవాన్లకు నీళ్ళు తెప్పిస్తున్నడు. నీళ్ళు మోసేది ఒక ముసలవ్వ. వెట్టి మనిషి. బాయి కాడికి పోవుడు, కడవ తెచ్చుడు. ఎద్దుల ముంగట కడవ వంచుతుంటె ఆ నీళ్ళ సప్పుడు జ్వరంల ఉన్నాయన చెవుల పడ్డది. తెర లోపటి నుంచి మాట వచ్చింది.

"అవ్వా, నువ్వు తాగినవా? తాగి, నాకు జర ఇయ్యవా?"

అక్క నా దిక్కు చూసింది. నేను నేల దిక్కు చూసిన. దొరసాని వెట్టి ముసలిదాన్ని అవ్వా అనుడా? దాని చేతి నీళ్ళు అడుగుడా? మొగోని గొంతయినా దాచొచ్చు గని గిది దాగేది కాదు. సంఘంల చేరినప్పటి సంది అందరిని వరస పెట్టి పిలిచి పిలిచి మా ఇంటాయనకు నోరు ఇంకో తీరుగ తిరుగకపోయేది. ముసలవ్వ కడవ పట్టుకుని అట్లనే బిగుసుకపోయింది. జవాన్లకు తెలుగు రాదు. పటేలుకు వస్తది. ఆయన కర్ర నేలకు ఆనించి తెర దిక్కు అడుగేసిండు.

"ఎవలు మాట్లాడింది?"

"దొరసానే" అన్నడు మా బావ.

దాసి మాట్లాడిందని అంటడేమో, నా వీపు పలగ్గొడ్తరేమోనని నేను తయారుగ ఉన్న. ఆయన గదే చెప్పలే.

"దొరసాని అవ్వా అంటదా?"

"అంటది. అదే కదా పటేలా మొక్కు!" మా బావ బండి దిగి, రుమాలు సర్దుకుని, చర్నకోల ఎత్తిండు. గుడి లేదు, గోపురం లేదు, ఉత్త ఆకాశం దిక్కు చూపిచ్చిండు. "ఎన్ని పూజలు చేసినా కడుపు పండలే. ఆఖరికి ఒక జంగమయ్య చెప్పిండు. రామప్ప చేరేదాక దారిల కలిసినోళ్ళందరిని వరస పెట్టి పిలవాలె. అవ్వా, అయ్యా, అన్నా, అక్కా. ఏ చేతి నీళ్ళయినా తాగాలె. ఒక్కరిని తక్కువ చేసినా మొక్కు చెడ్తదట. పిలిచి పిలిచి గొంతు సుత బొంగురు పోయింది తల్లికి. జ్వరం సుత తగిలింది."

పటేలు కండ్లు చిన్నగ చేసి తెర దిక్కు చూసుకుంట నిలబడ్డడు. మా బావ చర్నకోల దించలే. ముసలవ్వ ముందుగాల కదిలింది. కడవ నీళ్ళతోని చేతులు కడిగి, దోసిలి పట్టి, తెర సందుల నుంచి నీళ్ళు పోసింది. లోపట గుటకలు వేసిన సప్పుడు. "సల్లగుండు అవ్వా" అన్న మాట.

ఆ ముసలవ్వ అట్లనే తెర పట్టుకుని, "ఇంకోపారి అను తల్లీ" అన్నది.

"అవ్వా."

పటేలు కర్ర అవతల పెట్టిండు. రుమాలు తీసి చంకల పెట్టుకున్నడు. గొంతు సవరించుకున్నడు. "మేము మూడు తరాల సంది గడీ ముంగట నిలబడ్డోళ్ళమే" అన్నడు, ఎవరితోనో చెప్పినట్లు కాకుంట. "మా నాయిన సుత. ఒరే తప్ప ఇంకో మాట వినలే." తర్వాత మా బావ చెవుల, "నన్ను సుత ఒక్కసారి అనుమనరాదు?"

లోపటున్న మనిషి తన దోస్తులను పట్టిచ్చినోన్ని పిలవాలె. అనకపోతే మొక్కు అబద్ధమయితది. మా బావ తెర దిక్కు తిరిగి, నెమ్మదిగ, "దొరసానీ, పటేలును సుత పిలవాలె. మొక్కు గద" అన్నడు. తెర బట్ట ఒకసారి ఉబ్బి లోపటికి పోయింది. నేను బండి చక్రం మీద చెయ్యి వేసిన.

"అన్నా" అని వచ్చింది మాట. "మంచిగున్నవా అన్నా?"

పటేలు మెడ వంచుకుని నిలబడ్డడు. ముక్కు చీదిండు. ఇగ చూడాలె తమాషా. సంగతి ఊర్ల పాకింది. సాకలాయన వచ్చిండు, గొల్ల ముసలాయన వచ్చిండు, సంకల పిల్లతోని ఒక బాలింత వచ్చింది, వరుస కట్టిండ్రు. ఒక్కొక్కరు తెర కాడికి రావుడు, పిలిపిచ్చుకునుడు. "అక్కా." "నాయినా." "చెల్లే." ఒక ముసలాయన తెలివిగ ఒకసారి అయినంక పోయి మళ్ళ వరుసల నిలబడ్డడు, మా బావ గుర్తు పట్టి చర్నకోల చూపిచ్చిండు. ఏం జరుగుతున్నదో సమజుగాక జవాన్లు, ఇది సుత ఇక్కడి చూడదగ్గ వింతనేమో అనుకుని వాళ్ళు సుత నిలబడ్డరు. "భయ్యా" అన్నది దొరసాని. వాళ్ళు సెల్యూటు కొట్టిండ్రు.

బండి కదిలినంక నేను తెరల తలపెట్టి చూసిన. మా ఇంటాయన కండ్లల్ల నీళ్ళు. జ్వరానివో, వేరేవో. "భూమి పంచినప్పుడు సుత ఇట్ల వరుస కట్టలే" అన్నడు.

రామప్పల పని తొందరగ తెమిలింది. మా బావ జవాన్లను చెరువు గట్టు మీదికి తీస్కపోయి ఇటుక ముక్క నీళ్ళల్ల వేసి చూపిచ్చిండు. తేలింది. ఆయన జన్మల చెప్పిన నిజం అదొక్కటే అయ్యుంటది, దానికే వాళ్ళు అన్నిటికన్న ఎక్కువ ఆశ్చర్యపోయిండ్రు. వాళ్ళు ఒక్కో ముక్క వేసి చూసుకుంటుంటే, గుడి వెనక కూలిన గోడ సందుల నుంచి ఇద్దరు సంఘం మనుషులు మంచం పట్టుకుని వచ్చిండ్రు. మా ఇంటాయన పట్టుచీరె విప్పి నా చేతుల పెట్టిండు. "మరక పడలే, చూసుకొమ్మను వదినను" అన్నడు. చెట్లల్ల కలిసిపోయిండ్రు.

దొరసాని వచ్చినంక దొరసాని వాపసు పోవాలె గద. చీరె నేను కట్టుకున్న. ఒక దాసి ఏదని జవాన్లు అడిగితే, గుడి ఊడ్వనీకి మొక్కు కింద ఇడిసిపెట్టినమన్నడు మా బావ. అక్క ఒక్కతే ముంగట నడిచింది. ఊడ్వనీకి ఇచ్చింది తన చెల్లెనాయె, రెండడుగులకోసారి ఎనకకు చూసి ఏడ్చినట్లు చేసేది. ఆమెకు సుత ఆ బండి గాలి తగిలింది. జవాన్లు వాళ్ళ క్యాంపు దిక్కు మళ్ళిండ్రు.

తెల్లారి పటేలు ఊరు మళ్ళ వచ్చింది. ఆపే పని లేదు. జవాన్లు లేరు, నాకా లేదు. "తొందరగ తోలు బావా" అన్న తెర లోపటి నుంచి. మా బావ బండి ఆపిండు.

"ఎందుకాపినవ్?"

"చూడు" అన్నడు.

నిన్న పొలాలకు పోయి రాలేకపోయినోళ్ళు తొవ్వ పక్కన నిలబడి ఉన్నరు. ముసలవ్వ తన కోడలును తీస్కొచ్చింది. మొక్కు తీరిపోయింది, ఇగ పిలవనవసరం లేదు అని మా బావ చెప్పొచ్చు. నోరు తెరిచిండు గని అదే చెప్పలే. ఇగ నేను మొదలుపెట్టిన. "అక్కా. అయ్యా. బిడ్డా." ఒక్కొక్కరు వస్తున్నరు, నవ్వుకుంట పోతున్నరు.

అందరి కంటె ఆఖరుకు పటేలు వచ్చిండు. రుమాలు చంకల ఉన్నది. తెర కాడ నిలబడి, నేను నోరు తెరవకముందే, నాకు, మా బావకు మాత్రమే వినబడేటట్లు అన్నడు.

"నిన్నటి గొంతు కాదు."

తెర అవతల మా బావ నీడ కనబడ్తున్నది. చర్నకోల చేతిలనే ఉన్నది. లేవలే. ఆయన కాడ కత లేదని నాకు తెలిసింది.

పటేలు ఇంకింత వంగిండు. "కాలు ఎట్లున్నది?"

నిన్ననే ఎరికనా, రాత్రి పండుకుని ఆలోచిస్తే ఎరికయిందా, నాకిప్పటికి తెల్వది. అబద్ధం చెప్పుమని నా పానం కొట్టుకున్నది. చెప్పబుద్ధి కాలే.

"నడుస్తడు అన్నా" అన్న. నడుస్తడో లేదో నాకు అప్పటికి తెల్వది. నడిచిండు, కుంటుకుంటనే గని నడిచిండు, అది వేరే సంగతి.

పటేలు రుమాలు నెత్తికి చుట్టుకున్నడు. ఎద్దు వీపు మీద తనే అరచేత్తోని ఒక్కటి చరిచి, ఊరంత వినబడేటట్లు "దొరసాని బండికి తొవ్వియ్యండ్రి!" అని అరిచిండు.

బండి కదిలింది. నేను తెర సందుల నుంచి మా బావ వీపు చూస్తున్న. ఏదన్న అంటడు, ఒక్క ఎక్కిరింపన్న వస్తదని కాచుకున్న. ఓరుగల్లు కోట కనబడేదాక ఆయన ఒక్క కత చెప్పలే.